గంట మోగేసరికి లెక్క సగంలో ఉంటే

ప్రశ్న: అమలాపురం దగ్గరి పల్లెలో అత్తవారింట ఉంటూ గ్రూప్-2కు చదువుతున్నాను. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగే పద్ధతిని పది రోజులు పాటించి చూశాను. ఫోనులో పెట్టిన గంట లెక్క సగంలో ఉండగా మోగుతుంది. విరామంలో అందుకున్న ఫోను అరగంటకు గాని కింద పెట్టలేను. ఈలోగా మామగారికి టీ పెట్టాలి, లేదా కొబ్బరి దింపుకు మనుషులు వస్తారు. ఈ పద్ధతి నాబోటి గృహిణికి పనికిరాదా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, కోనసీమ

జవాబు: పనికివస్తుంది. అయితే దాన్ని మీ ఇంటి కొలతకు కత్తిరించుకోవాలి. 1980ల చివరలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి పుస్తకం ముందు కూర్చున్నా చదువు సాగక, 10 నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనతో తానే పందెం వేసుకొని, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరును తిప్పి పెట్టుకున్నాడు. మొదటిసారి ఆ పందెం ఓడిపోయాడు కూడా. టమాటాను ఇటాలియన్ భాషలో పొమొడోరో అంటారు గనుక పద్ధతికి ఆ పేరే నిలిచింది. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు విడతలయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం అన్న లెక్క ఆ తరవాత కుదురుకున్నదే. మన గడియ 24 నిమిషాలు. అడుగున చిల్లున్న గిన్నె నీటిలో మునిగేంత సేపును ఒక గడియగా కొలిచేవారు. అందుచేత మీ చదువు విడతను గడియ అని పిలుచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

సిరిల్లో ముందున్నది వంటింటి టైమరే గాని ఫోను కాదన్నది గమనించండి. ప్రతి 25 నిమిషాలకూ గంట ఆపడానికని ఫోను పట్టుకుంటే, ఆ చేతిలోనే వీడియోలూ వాట్సాపూ ఉంటాయి. కీ ఇచ్చే బల్ల గడియారమో, చవక టైమరో కొనుక్కొని, ఫోనును మరో గదిలో పెట్టండి. ఇక విరామమంటారా, ఊడ్పుల రోజున చేను గట్టున చూడండి. గంటల తరబడి వంగి నాటినవారు గట్టెక్కగానే చేసే మొదటి పని నడుం నిటారుగా చేసుకొని నిలబడటం. చేసిన పనికి వ్యతిరేకమైనదే విశ్రాంతి. అక్షరాలు చదివి అలసిన కళ్లకు మరో తెర చూపిస్తే అది విశ్రాంతి కాదు, చిన్న అక్షరాల మరో పాఠం. పెరట్లోకి వెళ్లి కొబ్బరిచెట్టు మొవ్వు వైపు కాసేపు చూడండి, మంచినీళ్లు తాగండి, ఆరిన బట్టలు నాలుగు మడత పెట్టండి. అయిదు నిమిషాలు ఇట్టే గడుస్తాయి.

లెక్క సగంలో ఉన్నా గంట మోగగానే ఆపాలన్నదే సిరిల్లో నియమం. దాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. చరిత్ర, పాలిటీ చదివేటప్పుడు ఆపండి. లెక్కల దగ్గర మాత్రం తరవాతి మెట్టు ఏమిటో పక్కన ఒక్క ముక్క రాసి ఆపితే, తిరిగి వచ్చాక మొదటినుంచి వెతుక్కోనక్కరలేదు. అలాగైనా కుదరకపోతే లెక్కలకు 45 నిమిషాల విడత పెట్టుకోండి, తప్పులేదు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. మీ చదువు ఇప్పుడు కాలువ శివారు పొలంలా ఉంది. ఎగువన అందరి అవసరాలూ తీరాక మిగిలిన నీరే దానికి దక్కుతోంది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీరు చాలనప్పుడు వంతులు పెడతారు గదా, మీరూ వంతు అడగండి. "చదువుకోవాలి, పిలవకండి" అంటే ఎవరికీ పట్టదు. "అత్తయ్యా, పది నుంచి పన్నెండు దాకా నా చదువు, పన్నెండింటికి వచ్చి వడ్డిస్తాను" అంటే పడుతుంది. మామగారి టీ ముందే కాచి ఫ్లాస్కులో పోసి కూర్చోండి. దింపు రోజు ముందే తెలుస్తుంది గనుక ఆ పూట చదువు పెట్టుకోకండి. అప్పటికీ ఎవరైనా పిలిస్తే ఎప్పుడు వస్తారో చెప్పి కాగితం మీద ఒక గీత గీయండి. మీ మనసే మరో పనికి లాగితే వేరే గుర్తు పెట్టండి. వారం తిరిగేసరికి మిమ్మల్ని చెడగొడుతున్నది ఇల్లా, మీరేనా అన్నది ఆ కాగితమే చెబుతుంది. మధ్యలో చెడిన విడత లెక్కలోకి రాదని ఆ పద్ధతి అంటుంది. ఇల్లు చూసుకునేవారికి అది మరీ కఠినం. సగం దాటితే సగం వేసుకోండి.

ఒక్క హెచ్చరిక. ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, నడుమ విరామం లేదు. కాబట్టి నమూనా పరీక్ష రాసేనాడు టైమరు పక్కన పెట్టి, రెండున్నర గంటలూ లేవకుండా రాయండి.

ప్రశ్న: లేసు అల్లుతాను. గంట పెట్టుకుంటే పని పెరుగుతుందా?
– పాఠకురాలు, నరసాపురం

జవాబు: మీకు గంట అక్కరలేదు, వరుస ఉంది. వరుస మధ్యలో ఆపితే కుట్ల లెక్క తప్పుతుంది. ఇన్ని వరుసలయ్యాక లేవాలని ముందే అనుకొని, ఆఖరి వరుస పూర్తిచేసి లేవండి. మెడ, వేళ్లు నొప్పి పెడుతుంటే ఆ సంఖ్య తగ్గించండి.