అంజూరకు ఎక్కడ కత్తెర పెట్టాలి?

ప్రశ్న: పెరట్లో రెండేళ్ల కిందట అంజూర మొక్క నాటాం. కొమ్మలు వేయకుండా ఒకే కర్రలా గోడ దాటి పోయింది. చివర నాలుగు కాయలు కాస్తే పిట్టలు తినేశాయి. ఇప్పుడు ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. మా ఆడపడుచు పైభాగం కొట్టేయమంటుంది. మా అత్తగారేమో కాపుకొచ్చిన చెట్టుకు కత్తి తగలకూడదంటారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఈసారికి ఆడపడుచు మాటే వినండమ్మా. అంజూరకు ప్రధానమైన కాపు కొత్త చిగుళ్ల మీదే, ఆకు మొదట్లో వస్తుంది. అలాగే వదిలేస్తే కాయలు ఏటికేడాది పైకి పోతాయి, కింద బోసి కర్ర మిగులుతుంది. చలికాలంలో ఆకు రాలడం జబ్బు కాదు, చెట్టు కునుకు తీస్తోందంతే. మళ్లీ చిగురు వేయకముందే పని కానిచ్చేయండి.

నేల నుంచి రెండున్నర అడుగులు కొలిచి, అక్కడి కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోయండి. అవును, అంత కిందికే! కాండం బొటనవేలికన్నా లావైతే కత్తెరతో నలపకండి, చిన్న రంపం వాడండి. తర్వాత వచ్చే చిగుళ్లలో తలో దిక్కుకు పోయేవి మూడో నాలుగో ఉంచి మిగతావి గిల్లేయండి. వాటి మధ్య జానెడు ఎడం ఉండాలి. ఒక్కచోటే గుత్తిగా ఉంటే రేపు కాయల బరువుకు చీలిపోతాయి. వచ్చే చలికాలంలో ఆ కొమ్మలను సగానికి, బయటివైపు చూసే కన్నుకు, అంటే చిగురు మొగ్గకు, కాస్త పైన కోయండి.

భయపడాల్సింది కోసిన చోట కారే పాలకే. మొదటిసారి నేను పొట్టి చేతుల చొక్కాతో, మిట్టమధ్యాహ్నం కోశాను. ఆ రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజుకు ముంజేతి మీద వేడి నూనె చిందినట్టు బొబ్బలు! వాటి నల్ల మచ్చలు నెలల తరబడి పోలేదు. పాలు అంటిన చర్మానికి ఎండ తగిలితే అంతే. సాయంత్రం పూట, నిండు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకుని కోయండి. పాలు అంటితే వెంటనే సబ్బుతో కడగండి.

కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం వేర్వేరు ప్లాస్టిక్ డబ్బాల్లో అర లీటరు చొప్పున నీళ్లలో కలిపి, ఆ తర్వాత రెండూ కలపాలి.

కోసిన కర్ర పారేయకండి. జానెడు ముక్కలు ఇసుక మట్టిలో గుచ్చితే వేళ్లు వస్తాయి. తలకిందులుగా గుచ్చేవాళ్లను చాలామందిని చూశాను. అందుకే కోసేటప్పుడే కింది కొన ఏటవాలుగా, పై కొన తిన్నగా కోసి పెట్టుకోండి.