కార్బన్ క్యాప్చర్ వల్ల లాభమెంత, నష్టమెంత?

పరిశ్రమల్లో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను గాల్లో కలవకముందే పట్టి, భూమి అడుగున రాతిపొరల్లోకి పంపడమే కార్బన్ క్యాప్చర్. దీని అసలు ఉపయోగం సిమెంట్ లాంటి చోట్ల. అక్కడ సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే ఈ వాయువు వస్తుంది. బొగ్గు మానేసి కరెంటు వాడినా ఆగదు.

భూమిలో దాచినది నిలుస్తుందా? నార్వే 1996 నుంచి ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం దగ్గర, సహజవాయువులోంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం అడుగున ఇసుకరాతి పొరలోకి పంపుతోంది; అది బయటికి లీకైనట్టు ఇప్పటిదాకా కనబడలేదు. అందుకే నా దృష్టిలో లీకేజీ కంటే ఖర్చే పెద్ద తలనొప్పి. వాయువును విడదీసి, నొక్కి, లోపలికి పంపడానికి బోలెడు కరెంటు కావాలి. పైగా ఇప్పటిదాకా పట్టినదాంట్లో చాలా భాగం పాత బావుల్లోంచి ఇంకాస్త చమురు తోడటానికే పోయింది (ఇదేం పర్యావరణ రక్షణో!). బొగ్గు ప్లాంట్లకు దీన్ని తగిలించే కంటే సోలార్, గాలిమరలు పెట్టుకోవడమే చాలాచోట్ల చవక.