చైనా కోటీశ్వరుల ఇంటి సంగతులు ఎందుకు బయటికి రావు?

"అలీబాబా కంపెనీ పెట్టిన జాక్ మా లాంటి చైనా కోటీశ్వరులు ఇంట్లో ఎలా ఉంటారు? వాళ్ల ఇంటి సంగతులు ఎందుకు బయటికి రావు?" అని అడిగారు. అందరూ చెప్పే జవాబు ప్రభుత్వమంటే భయం అని. భయం ఉంది, కాదనను. కానీ నన్నడిగితే అసలు కిటుకంతా పిల్లల దగ్గరుంది. అక్కడి పెద్దమనిషి ఆస్తి ఎంతో పత్రికలవాళ్లు ఏటా అచ్చేస్తారు. పిల్లలెందరో మాత్రం పక్కింటివాడికి కూడా తెలీదు.

నాకెలా తెలుసంటారా? బేగంబజార్‌లో మాది ఆర్టిఫిషియల్ పూల హోల్‌సేల్ షాపు. పెళ్లి మండపాల్లో మీరు ఫొటోలు దిగే ఆ గులాబీల గోడలు, వేలాడే తీగలు చాలావరకు చైనాలోని యీవూ నుంచి వచ్చినవే. అక్కడి హోల్‌సేల్ మార్కెట్‌లో మొదటి డిస్ట్రిక్ట్ అనే భాగం కింది ఫ్లోర్‌లో పూలూ, ఆటబొమ్మలే. వెళ్లడం మాత్రం నరకం. 2020 నుంచి 2025 అక్టోబరు దాకా మనకీ చైనాకీ డైరెక్ట్ ఫ్లైటే లేదు. బ్యాంకాక్‌లోనో కౌలాలంపూర్‌లోనో అర్ధరాత్రి కుర్చీల మీద పడుకుని వెళ్లాలి. తీరా దిగాక వాట్సాప్ పనిచేయదు, ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి చస్తారు. సరే, అది వేరే ఏడుపు.

2024 మార్చిలో మా సప్లయర్ ఒకాయన భోజనానికి పిలిచాడు. అక్కడ ఓనర్ ఎవరైనా 'లావోబాన్' అనే అంటాం, ఈయన్నీ అంతే. చాలా ఏళ్లుగా సరుకు ఈయన దగ్గరే తీసుకుంటున్నాను. ఫ్యాక్టరీ చూశాను, కారెక్కాను, ఏ సిగరెట్ తాగుతాడో కూడా తెలుసు. రెస్టారెంట్‌లో ప్రైవేట్ రూమ్, గుండ్రటి టేబుల్, మధ్యలో తిరిగే అద్దం. ఆయన, ఆయన బావమరిది, నేను, మాటలు చెప్పడానికి మా ఏజెంట్ అమ్మాయి. ఆ రోజు శనివారం, నాకు టోఫూ, ఆకుకూరలే గతి. ప్రతి పది నిమిషాలకీ ఎవరో ఒకరు లేచి గ్లాసు ఎత్తుతారు, మనమూ లేవాలి.

నా బ్యాగులో ఎర్ర మూత నీళ్ల బాటిల్ ఒకటి ఉంటే తీసి టేబుల్ మీద పెట్టాను. బావమరిది దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కింద, కుర్చీ కాలి పక్కన పెట్టేశాడు. అందరూ నవ్వారు. నాకేం అర్థం కాలేదు. ఏజెంట్ అమ్మాయి చెప్పింది: అది నోంగ్‌ఫూ స్ప్రింగ్ బాటిల్. ఆ కంపెనీ ఓనర్ ఝోంగ్ షాన్‌షాన్ అప్పటికి చైనాలోనే నంబర్ వన్ ధనవంతుడు. ఫిబ్రవరి 25న వాహాహా డ్రింక్స్ వ్యవస్థాపకుడు జోంగ్ చింగ్‌హౌ చనిపోయాడు. హాంగ్‌జౌలో ఆయన ఆఫీసు ముందు జనం పూలూ, పిల్లలు తాగే వాహాహా పాల బాటిళ్లూ గుట్టలుగా పోశారట. ఈ నోంగ్‌ఫూ ఆయన ఒకప్పుడు వాహాహా సరుకు అమ్మిన డీలరే. దాంతో ఆయన విశ్వాసం లేనివాడనీ, కొడుక్కి అమెరికా పౌరసత్వం ఉందనీ ఇంటర్నెట్‌లో తిట్లు మొదలయ్యాయి. కొన్ని షాపులవాళ్లు ఆ నీళ్లు అమ్మడమే మానేశారు. గమనించారా, కోపమంతా చివరికి కొడుకు దగ్గరికే వెళ్లింది.

లావోబాన్ లేచి చనిపోయినాయన పేరు మీద గ్లాసెత్తాడు. ఎంత సింపుల్ మనిషి, గుడ్డ చెప్పులేసుకుని తిరిగేవాడు, నలభై దాటాక స్కూల్ దుకాణంలో ఐస్‌లు అమ్ముతూ మొదలుపెట్టి దేశంలోనే పెద్ద ధనవంతుడయ్యాడు, ఉన్నది ఒక్కతే కూతురు, ఆ అమ్మాయినీ పనిలోనే పెట్టాడు అని కళ్లు తడి చేసుకున్నాడు. ఆ మూడ్‌లో నేను మామూలుగా అడిగాను: "లావోబాన్, మీకెంతమంది పిల్లలు?" మన దగ్గర రైల్లో ఎదురు సీటువాణ్ణి టీ రాకముందే అడిగే ప్రశ్న ఇది.

ఏజెంట్ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి చైనీస్‌లో ఏదో అంది. లావోబాన్ నవ్వుతూ చాలాసేపు మాట్లాడాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "వచ్చే నెల కాంటన్ ఫెయిర్‌కి కొత్త డిజైన్లు తెస్తున్నారట" అంది. బేరాలాడీ ఆడీ నాకు చైనీస్ అంకెలు బాగానే వచ్చు. ఆయన మాటల్లో అంకె అన్నది ఒక్కటీ లేదు.

తిరిగి వెళ్తుంటే కారులో చెప్పింది. "మై ఫ్రెండ్, రేటు అడగండి, ఫ్యాక్టరీ గురించి అడగండి. పిల్లల సంగతి మాత్రం వద్దు. ఎవరు ఎక్కడ పుట్టారో, ఎవరి పేరు మీద రిజిస్టరయ్యారో, ఇంట్లోవాళ్లకే తెలియకపోవచ్చు." నా ప్రశ్న తను ఆయన్ని అడగనే లేదట.

అప్పుడు నాకు లైటు వెలిగింది. 2015 దాకా అక్కడ చాలామందికి ఒక్కరే సంతానం ఉండాలని రూలు. ఎక్కువైతే జరిమానా, అదీ ఆదాయాన్ని బట్టి. సినిమా డైరెక్టర్ జాంగ్ యీమౌ ముగ్గురు పిల్లల్ని దాచి దొరికిపోతే 2014లో సుమారు 75 లక్షల యువాన్లు కట్టించారు. డబ్బున్నవాళ్లకి జరిమానా లెక్క కాదు, పరువే లెక్క. పేదవాళ్ల బాధ ఇంకోరకం: 2010 జనాభా లెక్కల ప్రకారం సుమారు 1.3 కోట్ల మందికి కుటుంబ రిజిస్టర్‌లో పేరే లేదు. దాదాపు ముప్పై అయిదేళ్లు దేశమంతా పిల్లల్ని దాచడం అలవాటు చేసుకుంటే, వ్యాపారస్తులు ఒక్కరోజులో మానతారా?

ఇక ఆ ఒక్కతే కూతురి కథ. 2025 జులైలో వార్త బయటికొచ్చింది. మేమూ జోంగ్ చింగ్‌హౌ పిల్లలమేనంటూ ముగ్గురు ఆయన కూతురు జోంగ్ ఫూలీ మీద కోర్టుకెక్కారు, హాంగ్‌జౌలో ఒక కేసు, హాంగ్‌కాంగ్‌లో ఒక కేసు. మా ముగ్గురి పేరా ట్రస్టులు పెడతానని నాన్న మాటిచ్చాడన్నది వాళ్ల వాదన. హాంగ్‌కాంగ్ బ్యాంకు ఖాతాలో సుమారు 180 కోట్ల డాలర్లు. హాంగ్‌జౌ కేసు తేలేదాకా అందులో చెయ్యి పెట్టొద్దని ఆగస్టులో హాంగ్‌కాంగ్ కోర్టు చెప్పింది. ఎవరిది నిజమో కోర్టులు చెప్పాలి. కానీ గుడ్డ చెప్పుల సంగతి ఊరందరికీ తెలుసు, ఈ సంగతి మాత్రం ఆయన పోయాక గానీ జనానికి చేరలేదు. అందుకే ధనవంతుల సింపుల్ జీవితం కథలు నేను నమ్మను. చెప్పులు చూపిస్తారు, చూపించదలచుకున్నారు కాబట్టి.

హాంగ్‌కాంగ్, మకావూ వాళ్లు వేరే రకం. ముందు మా లైన్‌కి మూలపురుషుడు లీ కా షింగ్ గురించి చెప్పాలి. ఆయన ప్లాస్టిక్ పూలతోనే పైకొచ్చాడు, మా గోడౌన్‌లో ఆయన ఫొటో పెట్టినా తప్పులేదు. 1996లో ఆయన కొడుకు విక్టర్‌ని ఎత్తుకుపోతే, పోలీసులకు చెప్పకుండా వంద కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు పైగా కట్టి విడిపించుకున్నాడు. ఆ ముఠా నాయకుడికి 1998లో చైనాలో మరణశిక్ష పడింది. ఇది విన్నాక ఏ కోటీశ్వరుడు పిల్లల్ని బయట తిప్పుతాడు చెప్పండి?

మకావూ క్యాసినోల రాజు స్టాన్లీ హో మాత్రం ఏదీ దాచలేదు. నాలుగు సంసారాలు, 17 మంది పిల్లలు. పాత ఆచారం ప్రకారం ఒకరికంటే ఎక్కువమందిని చేసుకోవడం హాంగ్‌కాంగ్‌లో 1971 దాకా చట్టబద్ధమే. ఆయన బతికుండగానే 2011లో ఆస్తి కోసం ఇంట్లోవాళ్లు మీడియా ముందే కొట్టుకున్నారు. పిల్లలు లేకపోతే గొడవ ఉండదనుకుంటున్నారా? నీనా వాంగ్ అని రెండు జడల మహాసంపన్నురాలు ఉండేది. భర్తని 1990లో ఎత్తుకుపోయారు, మళ్లీ రాలేదు. ఆమె 2007లో పోగానే, ఆస్తంతా నాకే రాసిందంటూ ఆమె ఫెంగ్ షుయ్ గురువు వీలునామా పట్టుకొచ్చాడు. అది దొంగదని తేలి 2013లో 12 ఏళ్ల జైలు పడింది. మన వాస్తు పంతుళ్లు గుమ్మం మార్పించి వదిలేస్తున్నారు, నయమే.

జాక్ మా గురించి కూడా అడిగారు కదా. మన యూట్యూబ్ ఛానళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2020 అక్టోబరు 24న షాంఘైలో ఆయన చైనా బ్యాంకులకు తాకట్టు కొట్టు బుద్ధులున్నాయని విమర్శించాడు. నవంబరు 3న ఆయన ఫైనాన్స్ కంపెనీ ఆంట్ గ్రూప్ షేర్ల ఇష్యూ ఆగిపోయింది. మూడు నెలలు మనిషి కనపడలేదు. ఇక చూడండి, జైలు ఊచల వెనక జాక్ మా బొమ్మలు, "చంపేశారా?" అంటూ థంబ్‌నెయిళ్లు. 2021 జనవరి 20న పల్లెటూరి టీచర్లతో వీడియోలో మాట్లాడుతూ కనిపిస్తే ఆ ఛానళ్లలో ఎన్ని సారీ చెప్పాయి? 2022లో టోక్యోలో ఉన్నాడని పేపర్లు రాశాయి. 2023 మార్చిలో హాంగ్‌జౌలో స్కూలుకెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో షీ జిన్‌పింగ్ వ్యాపారవేత్తలతో పెట్టిన సమావేశంలో కూర్చున్నాడు. 2017 కంపెనీ పండగలో మైకేల్ జాక్సన్ వేషం కట్టి డాన్స్ చేసిన వీడియో ఎవరైనా చూడొచ్చు. భార్య జాంగ్ యింగ్ అలీబాబాలో మొదటి నుంచీ ఉన్న మనిషి. ఇన్ని తెలుసు కదా మనకి? ఆయన పిల్లల ఫొటో ఒక్కటి చూపించండి, చూద్దాం.