దొంగ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను

బాబూ,

సినిమా నేపథ్య సంగీతం మీద నువ్వు పంపిన పద్నాలుగు పేజీల వ్యాసం, దాంతోపాటు పెట్టిన ఉత్తరం, రెండూ చదివాను. లోకల్ ట్రైన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే కత్తియుద్ధంలో ఎవరిది పైచెయ్యో తెలిసిపోయింది అని రాశావు కదా, ఆ వాక్యం బాగుంది. మెచ్చుకోవడం అయిపోయింది, ఇక అసలు సంగతికొస్తా.

తొమ్మిదో పేజీలో ఏం రాశావో గుర్తుందా? 1938లో వచ్చిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్'కి సంగీతం చేసిన ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్, పద్దెనిమిది పందొమ్మిదేళ్ల కింద తను రాసుకున్న ట్యూన్లనే తెచ్చి వాడేశాడని, అది దొంగతనమని, ఆస్కార్ ఇచ్చినవాళ్లకి ఆ సంగతి తెలిసుంటే ఇచ్చేవాళ్లు కాదని. సరే, కుర్రాడు, ఆవేశం అనుకుని పేజీ తిప్పాను. తర్వాత ఉత్తరం తెరిస్తే చివర్లో ఇంకో మాట, "మేడమ్, నా పాత కథలు పదకొండు డిలీట్ చేసేశాను, సిగ్గేసింది, ఫ్రెష్‌గా మొదలుపెడుతున్నా" అని. అప్పుడు అర్థమైంది నాకు, ఈ రెండూ ఒకటే జబ్బని. అందుకే రాత్రి పదకొండింటికి కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, వేళ్లు నొప్పి పుడుతున్నా.

ముందు దొంగతనం సంగతి చూద్దాం. ఆ పాత ముక్క పేరు 'సుర్సుమ్ కోర్దా', 1919లో రాశాడు, లాటిన్‌లో హృదయాలు పైకెత్తండి అని అర్థం. రాసేనాటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. 1920లో వియన్నాలో వాయిస్తే జనం పెదవి విరిచారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన ఓపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, 'డీ టోటె ష్టాట్' హాంబర్గ్‌లో, కొలోన్‌లో ఒకే రోజు మొదలై ఊళ్లకి ఊళ్లు తిరిగింది, దాంతో ఈ ఫెయిలైన ముక్కని అందరూ మర్చిపోయారు. ఆయన మర్చిపోలేదు. అదీ నేను చెప్పేది. ఆ వరస ఎక్కడ ఇమడాలో 1920లో ఎవరికీ తెలీదు, ఆయనకీ తెలీదు. కచేరీ హాల్లో ఇరవై నిమిషాలపాటు దాన్ని కూర్చుని వినమంటే జనానికి బరువైంది. రాబిన్ హుడ్‌లో హీరో ఎర్రాల్ ఫ్లిన్ కత్తి దూసి మెట్ల మీద పరిగెత్తే చోట ముక్కలు ముక్కలుగా పెడితే అదే వరసకి కాళ్లొచ్చాయి. దీన్ని దొంగతనం అంటావా? సొంత పొలంలో పాతికేళ్లనాడు పాతిన టెంక మీద కాయ కోసుకుంటే దొంగ అంటారా ఎవరైనా?

పైగా తెచ్చి అలాగే అతికించలేదు బాబూ. ఆయన పనిచేసే పద్ధతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు, అది లేకుండా ఈ సంగతి ఎలా రాశావో నాకర్థం కాలేదు. ప్రొజెక్షన్ రూమ్‌లో రీలు తిప్పించుకుని, బొమ్మ చూస్తూ అక్కడే పియానో మీద వాయించుకునేవాడు. డైలాగ్ వచ్చే చోట మనిషి గొంతు ఏ స్థాయిలో ఉందో చూసుకుని సంగీతాన్ని దానికి అడ్డం రాకుండా కిందికో పైకో జరిపేవాడు. సినిమా అంటే పాటలేని ఓపెరా ఆయన దృష్టిలో. తర్వాత హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ లాంటివాళ్లు ఆర్కెస్ట్రాకి పంచేవాళ్లు, ఏ వాయిద్యానికి ఏది అని. పాత గుడ్డని విప్పి, కొలతలు తీసి, మళ్లీ కుట్టడం లాంటిది ఇది, కుట్టినవాళ్లకే తెలుస్తుంది కొత్త గుడ్డ కంటే కష్టమని.

ఇదంతా నాకెలా తెలుసని అడుగుతావేమో. మా తమ్ముడు మద్రాసులో వయొలిన్ వాయించేవాడు, సినిమాలకి. మీరు ఇప్పుడు బీజీఎం అంటున్నారు, వాళ్లు ఆర్‌ఆర్ అనేవాళ్లు, రీరికార్డింగ్. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు, కుర్చీలో బొమ్మలా కూర్చో, దగ్గావంటే పంపించేస్తారు అని. ఎదురుగా తెర మీద రీలు తిరుగుతోంది, హీరో నోరు తెరుస్తున్నాడు మాట లేదు, ముప్పై మంది వయొలిన్లు ఎత్తిపట్టుకుని చేయి ఊపే మనిషి వైపు చూస్తున్నారు. రెండు నిమిషాల బిట్టు పదకొండు సార్లు వాయించారు. బయటికొచ్చాక వాడు క్యాంటీన్‌లో చెప్పాడు, అక్కా ఈ బిట్టు పోయినేడు వేరే సినిమాకి చేసిందే, ఆ సినిమా రిలీజే కాలేదు, పాపం మంచి బిట్టు, ఇప్పటికి దారి దొరికింది అని. వాడి మొహంలో సంతోషం నాకిప్పటికీ కనిపిస్తుంది. కోర్న్‌గోల్డ్ క్యాసెట్ ఇచ్చిందీ వాడే, ఎవరి ఎల్పీ రికార్డు నుంచో కాపీ చేయించింది, 1972లో చార్లెస్ గెర్హార్ట్ కండక్ట్ చేసిన రికార్డు. అరిగిపోయేదాకా విన్నాను.

ఇప్పుడు నా కథ. 1987లో ఇల్లు మారుతూ రెండు బస్తాల రాతప్రతులు పాతపేపర్లవాడికి తూకానికి వేసేశాను. అన్నీ వారపత్రికల నుంచి తిరిగొచ్చినవే. తిరుగు స్టాంపులు మనమే పెట్టి పంపాలి కదా అప్పుడు, మన డబ్బుతో మన అవమానం మన ఇంటికొచ్చేది. ఒక పత్రికవాళ్లయితే ఎనిమిది నెలలు ఉంచుకుని, మొదటి పేజీ మీద టీ గ్లాసు మచ్చతో పంపారు, చదివినట్టు అదొక్కటే రుజువు. వాళ్లకి కథ మొదటి లైన్‌లోనే శవం ఉండాలి. ఇప్పుడు దాన్నే హుక్ అంటున్నారట. సరే. బజ్జీల పొట్లంలో నా కథే తిరిగొచ్చిందని చెప్తే నీకు బాగుంటుంది కానీ రాలేదు, చాలా రోజులు ప్రతి పొట్లం విప్పి చూసుకున్నాను, ఒక్కటీ నాది కాదు.

ఆ బస్తాల్లో ఒక చెత్త కథ ఉంది, నిజంగానే చెత్త, అందులో కొవ్వూరు రేవు నుంచి రాత్రిపూట పడవలో గోదావరి దాటే పేజీన్నర ఉంది. పడవవాడి దగ్గర లాంతరు, నీళ్లలో దాని నీడ విరగడం, నా పక్కన కూర్చున్న ముసలమ్మ నీళ్లని తాకి కళ్లకద్దుకోవడం. పదమూడేళ్ల తర్వాత నవలలో సరిగ్గా అదే కావాల్సొచ్చింది. నాలుగుసార్లు రాశాను, రాలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల చూసిన గోదావరి నలభై దాటినావిడకి మళ్లీ కనిపించలేదు. నవలలో ఆ చోట ఇప్పుడు బస్సు ప్రయాణం ఉంది. రివ్యూ రాసిన ఒకాయన బస్సు సీన్ చప్పగా ఉందన్నాడు, నిజమే.

అసలు కోర్న్‌గోల్డ్ రాబిన్ హుడ్ ఒప్పుకున్న కథ కూడా సగమే చెప్పావు నువ్వు. బొమ్మ చూడగానే కోర్న్‌గోల్డ్ నావల్ల కాదని నిర్మాత హాల్ వాలిస్‌కి ఉత్తరం రాశాడు, నేను గుండెకి సంబంధించిన సంగీతం చేసేవాణ్ని, తొంభై శాతం యాక్షన్ ఉన్న దీనికి పనికిరాను అనే అర్థంలో. అది 1938 ఫిబ్రవరి. స్టూడియో మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ హెడ్ లియో ఫోర్బ్‌స్టైన్ ఇంటికొచ్చి బతిమాలాడు, అదే సమయంలో ఆయన సొంత దేశం ఆస్ట్రియా ఛాన్సలర్‌ని, అంటే ప్రధానిని, హిట్లర్ పిలిపించుకున్నాడన్న వార్త వచ్చింది. వారం వారం లెక్కన చేస్తా, నచ్చకపోతే ఆపేస్తా అని ఒప్పుకున్నాడు. మార్చిలో జర్మనీ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చేసింది. కోర్న్‌గోల్డ్ యూదుడు, అప్పుడు వియన్నాలో ఉండుంటే ఏమయ్యేవాడో. రాబిన్ హుడ్ నా ప్రాణం కాపాడింది అని తర్వాత చెప్పుకునేవాడు.

ఆస్కార్ గురించి ఒక ముక్క. రాబిన్ హుడ్‌కి ముందు 'ఆంథొనీ అడ్వర్స్' అనే సినిమాకి సంగీతం ఈయనదే, కానీ అప్పటి రూల్ ప్రకారం ఆస్కార్ బొమ్మ వెళ్లింది డిపార్ట్‌మెంట్ హెడ్‌కి. కష్టం ఒకరిది, ఫొటో ఇంకొకరిది. నేనూ ఆరు వారాలు ఒక పెద్దాయన పేరు మీద సీరియల్ రాశాను, ఆయనకి ఒంట్లో బాలేదని పత్రికవాళ్లు అడిగితే. అభిమానుల ఉత్తరాలన్నీ ఆయనకే వెళ్లాయి. నాకు ముప్పై రూపాయలు మనీ ఆర్డర్ వచ్చింది, అదీ మూడు నెలలకి. పోనీలే.

ఈ పాత ట్యూన్ల రాకపోకలు ఒకవైపే జరగలేదు, ఇది నీ వ్యాసంలో తప్పకుండా పెట్టు. సినిమాల కోసం చేసిన వరసలని ఆయన తర్వాత కచేరీకి తీసుకెళ్లాడు. వయొలిన్ కన్చెర్టో, అంటే ఒక్క వయొలిన్ ముందు నిలబడి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేది, 1947లో సెయింట్ లూయిస్‌లో హైఫెట్జ్ అనే పెద్ద వయొలినిస్టు వాయించాడు, అందులో మూడో భాగం 'ది ప్రిన్స్ అండ్ ది పాపర్' సినిమా నుంచి వచ్చిందే. న్యూయార్క్ విమర్శకుడు ఒకడు ఇందులో గోల్డ్ కంటే కార్న్ ఎక్కువ అని పేరు మీద జోకేశాడు, కార్న్ అంటే ఇంగ్లీషులో చవకబారుతనం అనే అర్థం కూడా ఉంది. ఆ కన్చెర్టోని ఇవాళ పెద్ద పెద్ద వయొలినిస్టులు వాయిస్తున్నారు. విమర్శకుడి పేరు నువ్వే వెతుక్కో.

ఇంకొకటి, ఇది మా తమ్ముడు చెప్పగా విని తర్వాత చదివి రూఢి చేసుకున్నది. నాజీలు వియన్నాలో కోర్న్‌గోల్డ్ ఇల్లు స్వాధీనం చేసుకున్నారు. ఆయన రాతప్రతులన్నీ లోపలే ఉండిపోయాయి. ఆయన ప్రచురణకర్తల దగ్గర పనిచేసేవాళ్లు దొంగచాటుగా లోపలికెళ్లి ఆ కాగితాలు బయటికి తెచ్చారు, వేరే ముద్రించిన సంగీతం పుస్తకాల మధ్య పేజీలు దూర్చి అమెరికాకి పంపారు. వేరేవాళ్ల పాత కాగితాల కోసం, పట్టుబడితే ఏమవుతుందో తెలిసీ, చీకట్లో ఆ ఇంట్లోకి వెళ్లారు. నువ్వేమో ఫ్యాన్ కింద కూర్చుని సొంతవి పదకొండు సెలెక్ట్ ఆల్ కొట్టావు.

ఆ 1972 రికార్డుని ప్రొడ్యూస్ చేసింది ఎవరో తెలుసా? కోర్న్‌గోల్డ్ కొడుకు జార్జ్. 1938లో అమ్మానాన్నలతో అమెరికాకి వచ్చిన చిన్నపిల్లాడు. నా క్యాసెట్ దాకా వచ్చిన దారి అది.

ఇంగ్లీషులో రాయాలా తెలుగులోనా, పుస్తకం సొంతంగా వేసుకోవచ్చా, రోజుకెన్ని పదాలు, ఇవన్నీ అడిగావు. మళ్లీ ఎప్పుడైనా చూద్దాం. తొమ్మిదో పేజీ మాత్రం మళ్లీ రాసి పంపు, 'మహాద్భుతం' అనే మాట పద్నాలుగు పేజీల్లో ఇరవై మూడు సార్లుంది, లెక్కపెట్టాను, అవన్నీ తీసి ఆ చోట ఏ వాయిద్యం వినిపించిందో రాయి.

మా మనవణ్ని ఇందాకే నిద్రలేపి అడిగాను. గూగుల్ డ్రైవ్‌లో డిలీట్ చేసినవి ట్రాష్‌లో ముప్పై రోజులు ఉంటాయట. నీ ఉత్తరం మీద తేదీ చూస్తే ఇవాళ్టికి ఇరవై ఒకటి. పొద్దున వ్యాసం జోలికి పోకముందు అది చూడు, దొరికితే ఒక్క మెసేజ్ పెట్టు, ఎంత పొద్దున్నైనా ఫర్లేదు, నాకెలాగూ నాలుగింటికే మెలకువొస్తుంది.

ఉంటాను.
రాజమండ్రి