సందేహాలు – సమాధానాలు: ఉన్ని వ్యాపారా, బొచ్చుతోళ్ల వ్యాపారా?

సందేహం: పిల్లల పత్రిక కోసం కెనడా చరిత్రలోని ఒక ఫ్రెంచివాడి జీవితం రాస్తున్నాను. పేరు మెదార్ షువార్ దె గ్రొజెయె. 'ఫర్ ట్రేడర్' అన్నదానికి 'ఉన్ని వ్యాపారి' అని రాశాను. ఎడిటర్ గారు 'బొచ్చు వ్యాపారి' అని దిద్దారు. చదవడానికి ఎబ్బెట్టుగా ఉంది. 'సెటిలర్'కు 'వలసవాది' సరిపోతుందా? రాడిసన్ అనే సహచరుడు ఈయన్ని 'మై బ్రదర్' అంటాడు, 'అన్న' అని పెట్టనా? ఇంగ్లీషువాళ్లు ఈయన్ని 'మిస్టర్ గూస్‌బెరీ' అని పిలిచారట. 'ఉసిరికాయ దొర' అంటే పిల్లలు నవ్వుకుంటారు కదా?

సమాధానం: నవ్వుకుంటారమ్మా, కానీ తప్పు నేర్చుకుంటారు. ఆ సంగతి చివర్న చూద్దాం. ముందు ఉన్ని గొడవ తేల్చాలి.

మీ ఎడిటర్ గారి మాటలో సగం న్యాయం ఉంది. బొచ్చు బూతు కాదు. బొచ్చుకుక్క అనడానికి ఎవరూ సిగ్గుపడరు. గొర్రెల కాపర్లు బొచ్చు కత్తిరిస్తామనే అంటారు. తిట్లలో వాడీ వాడీ పట్నంవాళ్ల చెవికి అది మొరటు మాటైంది, అంతే. అయితే గ్రొజెయె అమ్మింది విడి బొచ్చు కాదు, బొచ్చు ఊడకుండా ఒలిచిన, బీవర్ అనే జంతువు తోళ్లు. కాబట్టి 'బొచ్చుతోళ్ల వ్యాపారి' అనండి. అర్థం తిన్నగా ఉంటుంది, ఎబ్బెట్టూ తగ్గుతుంది.

మీ 'ఉన్ని' కూడా గాలిలోంచి ఊడిపడలేదు. బీవర్ ఒంటిమీద రెండు రకాల వెంట్రుకలుంటాయి. పైన పొడుగ్గా, బిరుసుగా ఉండేవి ఒక రకం. వాటి అడుగున చర్మాన్ని అంటిపెట్టుకుని మెత్తటి నూగు ఉంటుంది. ఆ నూగు పోగులకు కంటికి కనపడని ముళ్లుంటాయి. తడిపి, వేడిచేసి, నొక్కితే ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి ఫెల్ట్, అంటే నేయకుండా అదిమి చేసిన గుడ్డ, అవుతుంది. యూరప్ పెద్దమనుషుల టోపీలన్నీ ఆ ఫెల్ట్‌వే. అక్కడి బీవర్లను అప్పటికే దాదాపు తుడిచిపెట్టేశారు గనకే సముద్రం దాటి కెనడా అడవుల మీద పడ్డారు.

ఇందులో ఒక విశేషముంది, పిల్లలకు తప్పక చెప్పండి. అన్నిటికంటే గిరాకీ ఉన్న తోలు కొత్తది కాదు, వాడి పాతబడింది! అక్కడి ఆదివాసులు బీవర్ తోళ్లను కలిపి కుట్టి, బొచ్చు లోపలివైపుకు వచ్చేలా చలికాలమంతా కప్పుకునేవారు. ఏడాదికి పైగా ఒంటి చెమటా జిడ్డూ పట్టి, రాపిడికి పై బిరుసు వెంట్రుకలు రాలిపోయేవి, నూగు మాత్రం మిగిలేది. టోపీలు చేసేవాళ్లకు సగం పని తప్పేది. ఫ్రెంచివాళ్లు దీన్ని 'జిడ్డు బీవర్' అన్నారు, వాడకుండా ఎండబెట్టిన తోలును 'ఎండు బీవర్' అన్నారు. కనక ఉన్ని అనదగ్గ సరుకు టోపీల దుకాణంలో తయారవుతుంది. మన కథానాయకుడి పడవలో ఉన్నది తోలే. అన్నట్టు, బీవర్‌ను 'నీటికుక్క' అని మాత్రం రాయకండి. కృష్ణా గోదావరి లంకల్లో చేపలు పట్టుకు తినే నీటికుక్క వేరు జంతువు. బీవర్ ఎలుక జాతిది, చెట్లు కొరికి వాగులకు అడ్డుకట్టలు కడుతుంది. 'బీవర్' అనే ఉంచండి.

ఇక వలసవాది. ఈ మాట ఆయనకు అతకదు. వలసవాది అంటే పరాయి నేలను పాలించడం న్యాయమని నమ్మేవాడు. వలసదారు అంటే బతకడానికి ఊరు విడిచినవాడు. 'వలస' అనే ఒక్క ముక్కతో పాలమూరు కూలీల కష్టాన్నీ, తెల్లదొరల పెత్తనాన్నీ రెంటినీ చెప్పుకుంటున్నాం కాబట్టి జాగ్రత్త అవసరం. 'సెటిలర్' అని తెలుగు లిపిలో దింపితే ఇంకో చిక్కు. మన పాఠకుడి మనసు నిజామాబాద్ జిల్లాలో 'క్యాంపు' అనే తోక ఉన్న ఊళ్లవైపు, నిజాంసాగర్ కాలవ కింద భూములు కొన్న కోస్తా రైతులవైపు పోతుంది.

గ్రొజెయె ఏంచేశాడో చూడండి. 1618లో ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో పుట్టాడు. 1640ల్లో హ్యూరన్లనే ఆదివాసుల దేశంలో జెస్విట్ ఫాదరీల దగ్గర పనిచేశాడు. ఆ ఆదివాసులు తమను తాము వెండాట్ అనుకుంటారు. తర్వాత త్రువా రివియేర్‌లో, అంటే 'మూడు నదులు' అనే ఊళ్లో, కాపురం పెట్టాడు. ఇరొక్వాలనే మరో ఆదివాసీ కూటమితో యుద్ధాల్లో వెండాట్ల దేశం చెదిరిపోయి వ్యాపారం పడకేసిన రోజుల్లో పడమటి సరస్సులకు వెళ్లి, 1656లో 50 పడవల తోళ్లతో తిరిగొచ్చాడు. 1659లో బావమరిది రాడిసన్‌ను వెంటబెట్టుకుని సుపీరియర్ సరస్సు దాకా పోయొచ్చాడు. అనుమతి లేకుండా వెళ్లారని ఫ్రెంచి వలస గవర్నర్ దార్జాన్సన్ జరిమానా వేశాడు. ఒళ్లు మండి బావా బావమరుదులిద్దరూ ఇంగ్లీషువాళ్ల పంచన చేరారు. 1668లో 'నాన్‌సచ్' అనే చిన్న ఓడలో గ్రొజెయె హడ్సన్ అఖాతానికి వెళ్లి, మరుసటి ఏడాది తోళ్లతో లండన్ చేరాడు. 1670 మే 2న ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఆ అఖాతం చుట్టూ తోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీకి సనదు ఇచ్చాడు. కొన్నేళ్లకు ఇద్దరూ మళ్లీ ఫ్రెంచివాళ్ల వైపు దూకారు! ఇలాంటి మనిషికి ఏ 'వాది' తోకా నిలవదు. 'ఫ్రెంచి వలసలో స్థిరపడిన బొచ్చుతోళ్ల వ్యాపారి' అనండి, పొడుగైనా ఫరవాలేదు. ఆ వలస ఆదివాసులు ఉంటున్న నేలమీద వెలసిందన్న ముక్క కూడా కథలో ఎక్కడో ఒకచోట రావాలి.

బావమరిది అనేశాను కదా, మీ మూడో ప్రశ్నకు జవాబదే. గ్రొజెయె రెండో భార్య మార్గరిత్, రాడిసన్‌కు అక్క. తల్లి ఒక్కతే, తండ్రులు వేరు. 'సవతి అక్క' అనకండి, సవతులు ఉండాలంటే తండ్రి ఒక్కడై ఉండాలి. ఇంగ్లీషులో మిగిలిన తన యాత్రా కథనాల్లో రాడిసన్ 'మై బ్రదర్' అంటే మనవాడు 'మా బావ' అనాలి. అన్న అని రాశారో, మార్గరిత్ కథలోంచి మాయమైపోతుంది. ఈ ఇద్దర్నీ కలిపిందే ఆవిడ.

చివరికి ఉసిరికాయ. గ్రొజెయె అనేది ఆయన తల్లిదండ్రులు సాగుచేసిన కమతం పేరు. ఫ్రెంచిలో అది చలిదేశాల్లో పెరిగే ఒక పండ్ల పొద. మనకు తుమ్మల, చింతల, మర్రి ఇంటిపేర్లయినట్టే. ఇంగ్లీషువాళ్లు పలకలేక తమ భాషలోని గూస్‌బెరీని తగిలించారు. మన ఉసిరి చెట్టుకూ ఆ పొదకూ చుట్టరికం లేదు. పరాయి పేరును నోటికి అనువుగా మలుచుకోవడం మనవాళ్లకూ తెలుసు. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మొస్యో రేమాఁ హైదరాబాదీల నోట మూసా రాముడయ్యాడు, మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందంటారు. అది జనం చేసిన పని. అనువాదకులం మనం చేయకూడదు. 'ఇంగ్లీషువాళ్లు ఆయన్ని గూస్‌బెరీ అన్నారు, అదొక పుల్లటి పండు' అని ఒక్క వాక్యం రాయండి, నవ్వు ఎటూ పోదు.

పేరులో మీరు 'డె' అనకుండా 'దె' రాయడం నాకు నచ్చింది. ఫ్రెంచి దకారం మన దకారానికే దగ్గర, ఇంగ్లీషు మీదుగా రావడంవల్ల డకారం అలవాటైంది. మొదటిసారి పూర్తి పేరు రాసి, తర్వాత గ్రొజెయె అంటే చాలు. రాడిసన్‌ను ఫ్రెంచి పద్ధతిలో 'రదిసోఁ' అని మార్చకండి. ఆయన పేరు పెట్టుకున్న హోటళ్ల పుణ్యమా అని రాడిసన్ మన ఊళ్లలో స్థిరపడిపోయింది.