డెన్సిటోమీటర్‌లో ఏ స్టేటస్ పెట్టుకోవాలి?

ప్రశ్న: బ్రాడీపేటలో మాది చిన్న కలర్ ల్యాబ్ అండి. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో డెన్సిటోమీటర్ (రంగు చిక్కదనాన్ని, అంటే డెన్సిటీని కొలిచే మెషీన్) కొన్నాను, దాంట్లో స్టేటస్ ఏ, టీ, ఈ అని మూడు సెట్టింగులున్నాయి. అదే ప్రింటు విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సున్న ఫ్రెండ్ దగ్గర కొలిస్తే నంబర్లు కలవట్లేదు, పసుపు దగ్గరైతే మరీ తేడా. ఎవరి మెషీన్ తప్పు?
– ఒక ల్యాబ్ ఓనరు, గుంటూరు

జవాబు: మెషీన్లు రెండూ బాగానే ఉండి ఉండొచ్చండి. స్టేటస్ అంటే వెలుతురులో ఏ రంగుని ఎంత లెక్కలోకి తీసుకోవాలో మెషీన్‌కి చెప్పే సెట్టింగు, అది మారితే నంబరూ మారుతుంది. ఆయన పెళ్లికార్డుల ఇంకు కొలుస్తారు కాబట్టి టీలోనో ఈలోనో పెట్టి ఉంటారు, ఆ రెండిట్లోనే పసుపు కలవదు, ఒకే ఇంకుకి ఈలో ఎక్కువ చూపిస్తుంది. మీ పేపర్ మీద ఉండేది అసలు ఇంకే కాదు, కెమికల్‌లో కడిగినప్పుడు ఎమల్షన్ అనే పూతలో తయారయ్యే రంగు (డై), అది వెలుతురుని పీల్చుకునే తీరే వేరు. అందుకే ఐఎస్ఓ 5-3 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఫోటో ప్రింట్లకి, స్లైడ్లకి స్టేటస్ ఏ పెట్టారు, మీరు కళ్ళు మూసుకుని అదే పెట్టుకోండి. కలర్ నెగెటివ్‌కి మాత్రం స్టేటస్ ఎమ్, ఎందుకంటే నెగెటివ్‌ని చివరికి చూసేది మన కన్ను కాదు కదా, ప్రింటు వేసే పేపరు.

ఇంకోటి, ఇక్కడే చాలామంది పొరపడతారు. ప్రెస్సు వాళ్ళు పేపర్ తెలుపుని సున్నా చేసి కొలుస్తారు, ల్యాబ్‌లో కంట్రోల్ స్ట్రిప్‌కి (కెమికల్ సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్ష ముక్క) పేపర్‌తో కలిపే తీసుకుంటాం. ఉత్త పేపరే 0.10 ఉందనుకోండి, మీరు 2.20 అన్న నలుపుని ఆయన 2.10 అంటారు. అలాగే ప్రింటు కింద నల్ల కాగితం పెట్టి కొలవండి, తెల్ల బల్ల మీద ఒకసారి గ్రానైట్ మీద ఒకసారి పెడితే రీడింగ్ కదులుతుంది.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, దాంతోపాటు కాలిబ్రేషన్ పలక ఇచ్చారా? చిన్న తెల్ల పలక, దాని విలువలు పక్కనే రాసుంటాయి. అది ఆ మెషీన్‌దే కావాలి, వేరేదాని పలక పెట్టేసి కాలిబ్రేట్ చేస్తే రోజూ ఒకే తప్పు చాలా నమ్మకంగా చూపిస్తుంది. పలక మీద వేలిముద్ర పడినా తేడానే, మెత్తటి పొడిగుడ్డతో తుడిచి కవర్లో పెట్టేయండి. రిజిస్టర్‌లో ప్రతి నంబర్ పక్కన ‘ఏ, పేపర్ కలిపి, నల్ల బ్యాకింగ్’ అని రాయండి, అలా రాయకపోతే నెల తర్వాత ఆ నంబర్‌తో మీకే పనుండదు.

పట్టుచీర ఎరుపు సరిగ్గా రాలేదని కస్టమర్ అంటే మాత్రం దీన్ని నమ్ముకోకండి, కంటికి వేరుగా కనిపించే రెండు ఎరుపులకి కూడా డెన్సిటీ ఒకటే రావచ్చు, ఆ పనికి రంగునే కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ కావాలి.