గెకో ఫోటోలో రంగు తప్పకుండా: అల్లుడికో ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశానురా. ఫోకస్ కంటి మీదే నిలబెట్టావు, అది చాలా బాగుంది. రంగే తప్పింది. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నా అరచేతి మీద నిలబడ్డ నీ పెంపుడు బల్లి, ఆ లెపర్డ్ గెకో, పండిన బొప్పాయి రంగులో ఉంది. ఫోటోలో నిమ్మకాయ ఛాయ కొట్టింది. కింద పరిచిన తెల్ల కాగితమేమో బూడిదరంగుకి తిరిగింది. ఈ రెండూ వేరువేరు తప్పులు.

ముందు ఆ పచ్చఛాయ సంగతి. నువ్వు తీసింది పడమటి గది కిటికీ దగ్గర. అవతలంతా కొబ్బరితోట, కింద అరటి. మన కోనసీమ ఇళ్లలోకి వచ్చే వెలుతురు సగం ఆకుల్లోంచి దిగి వస్తుంది. మన కళ్లు దానికి అలవాటుపడిపోయి తెలుపుని తెలుపుగానే చూస్తాయి. కెమెరాకి ఆ అలవాటు లేదు. స్టూడియో పెట్టిన కొత్తలో బండారులంక చేనేత చీరలకి ఫోటోలు తీసేవాణ్ణి. ఒకసారి గంధం రంగు చీరని తోటవైపు వరండాలో తీశాను. ప్రింటు వేయిస్తే లేత ఆకుపచ్చ! నేసినాయన పల్లెత్తు మాట అనలేదు. చీర మడత విప్పి ప్రింటు పక్కన పరిచి, నా మొహంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి కిటికీ మూసెయ్యి, ట్యూబ్‌లైటు ఆర్పెయ్యి. గదిలో ఒక్క రకం వెలుతురే ఉండాలి. నీ ఫ్లాష్ చాలు. దాన్ని నేరుగా కొట్టకుండా ముందు ట్రేసింగ్ పేపరు కట్టు, వెలుతురుని తిప్పికొట్టడానికి అవతలి పక్కన థర్మోకోల్ ముక్క నిలబెట్టు. షట్టర్ 160వ వంతు, ఎపర్చర్ 11, ఐఎస్ఓ 100 పెట్టుకుంటే గది వెలుతురు దాదాపు లెక్కలోకి రాదు. ఆ ఎర్ర టీషర్టు వేసుకుని మాత్రం తియ్యకు. దాని రంగు గెకో పొట్ట మీదకి వచ్చి పడుతుంది.

గెకోని పెట్టకముందే, అది నిలబడే చోట గ్రే కార్డు, అంటే ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట, పెట్టి, అదే వెలుతురులో ఒక ఫోటో తీసుకో. అన్నీ రా ఫైళ్లుగానే, అంటే కెమెరా రంగులు దిద్దకుండా దాచే ఫైళ్లుగా, తియ్యి. తర్వాత కంప్యూటర్లో వెలుతురు ఛాయని సరిదిద్దే వైట్ బ్యాలెన్స్ పరికరంతో ఆ కార్డు మీద నొక్కి, మిగతా వాటికీ అదే వర్తింపజెయ్యి. తెల్ల కాగితం మీద నొక్కకు. చాలా తెల్ల కాగితాల్లో తెలుపు పెంచడానికి మందు కలుపుతారు, అది ఫ్లాష్ పడితే కాస్త నీలంగా వెలుగుతుంది. దాన్ని చూసి సరిచేస్తే గెకో పసుపెక్కిపోతుంది. కింద పరచడానికి నిగనిగలాడే చార్టు వద్దు, మెరుపులేని డ్రాయింగ్ షీటు తీసుకుని మడత పడకుండా వెనక్కి వంచి పెట్టు.

ఇక బూడిదరంగు. కెమెరా మీటరు ఎదురుగా ఏది కనిపించినా నడిమి బూడిద అనుకుంటుంది. అంతా తెలుపే ఉంటే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది. ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). ఫ్లాష్ మాన్యువల్‌లో ఉంటే దాని పవరే పెంచు. కంప్యూటర్లో నలుపుకి 0, పూర్తి తెలుపుకి 255 అనుకుంటే, కాగితం విలువ 240, 245 దగ్గర ఆగాలి. 255 దాకా తోశావంటే పాలిపోయిన ఆ కాలివేళ్లు, పొట్ట అంచు కాగితంలో కలిసిపోతాయి. వీపు మీది బుడిపెల్లో ప్రతిదానికీ చిన్న నీడ ఉంటుంది చూడు, అది కనిపిస్తోందంటే వెలుతురు సరిపోయినట్టే.

గెకో విషయం నాకంటే నీకే బాగా తెలుసు, అయినా చెబుతున్నాను. కుబుసం విడిచే ముందు ఒళ్లంతా తెల్లగా మసకబారుతుంది, ఆ రోజుల్లో తియ్యకు. చలిగా ఉన్నా రంగు ముదురుతుంది. దీని వేళ్లకి గోడబల్లిలా అతుక్కునే మెత్తలు లేవు కాబట్టి బల్ల అంచు నుంచి జారిపడుతుంది. నేల మీదే ఏర్పాటు చేసుకో. తోక ముట్టుకోకు. బెదిరితే వదిలేస్తుంది, మళ్లీ మొలిచేది పాత తోకలా ఉండదు. రెప్పలున్న బల్లి ఇది. కళ్లు మూసుకుంటోందంటే వెలుతురు తనకి ఎక్కువైందని అర్థం. అయిదు నిమిషాలు దాటితే ఫోటో రాకపోయినా సరే, పెట్టెలో పెట్టెయ్యి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో, మీ అమ్మ బెంగ కూడా తీరుతుంది.

చివర్లో గెకోని స్క్రీన్ పక్కన పెట్టి పోల్చి చూడు. ఫోన్లో చూసి తేల్చుకోకు, చాలా ఫోన్లు రంగుని కావాలనే పెంచి చూపిస్తాయి. నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు.

ఆదివారం ముక్తేశ్వరం మీదుగా వస్తాను. నా గ్రే కార్డు నీకు తెస్తున్నాను. అంచులు నలిగాయి గానీ మధ్యలో ఇంకా శుభ్రంగానే ఉంది.

ప్రేమతో,
మావయ్య